బూడిద రంగు టేపు

జనవరి 28

గొర్రెల ఈతలు మొదలయ్యాయి. ఇవాళ పదకొండు పిల్లలు, అందులో రెండు జతలు. నక్కలు ఎత్తుకుపోయినవి మూడు. కంచె అవతల బొచ్చు తప్ప ఏమీ మిగల్చలేదు.

ఈసారి ఈ పుస్తకంలో లెక్కతోపాటు మాటలు కూడా రాద్దామనుకుంటున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో గ్రాషి నా కాగితం ఒక్కటి కూడా ముట్టుకోలేదు కాబట్టి భయం లేదు. చిన్నప్పుడు మా అమ్మమ్మ, బూట్లు విప్పే ముందు ఆ రోజు జరిగిన మంచికి ఎవరికి దణ్ణం పెట్టాలో చెప్పమనేది. చెప్పకపోతే సూపు పోసేది కాదు. కొండల్లో మంద వెంట ఒంటరిగా తిరిగిన ఏళ్ళలో కూడా నేను ఆ అలవాటు మానలేదు. ఇప్పుడు నోటితో కాక పెన్నుతో, అంతే తేడా.

సాయంత్రం ట్రక్కు గేటు స్తంభానికి తగిలింది. ఆ స్తంభం ఎన్నాళ్ళనుంచో ఒక పక్కకి ఒరిగి ఉంది. గ్రాషి వచ్చి చూసింది, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం తన పద్ధతి కాదు.

ఇంకో సంగతి. ఈ చలికాలం నుంచి మా ఇంట్లో రాత్రి భోజనం సాయంత్రం నాలుగున్నరకి. ఆసుపత్రిలో కూడా ఇంత తొందరగా పెట్టరు. అడిగితే, వయసు మీద పడింది కదా, పెందలాడే తింటే అరుగుతుందట. నా అరుగుదలకి ఏమొచ్చిందో నాకైతే తెలియదు.

ఇవాళ్టి దణ్ణం బెల్చాకి. తెల్లగా మెరిసే కాపలా కుక్కకి మా బాస్క్ భాషలో నల్లోడు అని పేరు పెట్టిన ఘనుడు మా బావమరిది పెయో. పేరు ఎలా ఉన్నా, నక్కలు మూడింటితో సరిపెట్టుకున్నాయంటే వాడి వల్లే.

ఫిబ్రవరి 1

నిండు పున్నమి. దొడ్డంతా పగల్లా ఉంది. తెల్లారేదాకా ఒక్కడినే చూసుకున్నాను. నాకు వయసైందని ఎవరన్నారు? చందమామకి దణ్ణం.

ఫిబ్రవరి 3

గ్రాషి ఊళ్ళోకి వెళ్ళి బూడిద రంగు టేపు ఇంకో రెండు చుట్టలు తెచ్చింది. సెప్టెంబరు నుంచి ఇదే పిచ్చి. మెట్ల అంచులకి, నీళ్ళ తొట్టి చుట్టూ, ట్రక్కు తగిలాక గేటు స్తంభాలకి కూడా అంటిస్తూనే ఉంది. పగిలినవాటికి టేపు వేస్తారని తెలుసు, బాగున్న మెట్లకి ఎందుకు? అడిగితే "చెక్క చీలుతోంది, నీ కాల్లో పేడు దిగితే తీసే ఓపిక నాకు లేదు" అంది. నాకైతే చీలిక కనిపించలేదు.

దీపం సంగతి మళ్ళీ ఎత్తింది. గనుల్లోవాళ్ళు నుదుటికి కట్టుకుంటారే, అలాంటిది ఒకటి కొని వంటింటి మేకుకి తగిలించి ఉంచింది. నలభై ఏళ్ళలో నేను ఈతల దొడ్లోకి దీపం తీసుకెళ్ళలేదు. దీపం చూస్తే ఈనే గొర్రె బెదురుతుంది. మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అది. నా దొడ్డి నా పాదాలకి తెలుసు.

నీళ్ళ తొట్టిని ఎవరో జరిపారు. మోకాలికి దెబ్బ తగిలింది.

ఫిబ్రవరి 5

కొండ అవతలి నెవాడా నుంచి పెయో వచ్చాడు. చంకలో పొడుగాటి నల్ల పెట్టె.

"బావా, పుట్టినరోజు కానుక."

"నా పుట్టినరోజు జూన్‌లో రా."

"జూన్‌దాకా నక్కలు ఆగుతాయా మరి?"

రైఫిల్ మీద బిగించే రాత్రి స్కోపు. కంటికి కనపడని వెలుగొకటి తనే విసిరి, ఆ వెలుగులో చీకట్లో ఉన్నదంతా ఆకుపచ్చగా చూపిస్తుంది. వెనక గది తలుపులన్నీ మూసి, లైటు ఆర్పి చూశాను. కుర్చీ కనపడింది. కుర్చీలో పిల్లి. పిల్లి మీసాలు. మీసాలు! చాలాసేపు కంటి దగ్గరనుంచి తియ్యలేదు. "ఏంటి బావా, పిల్లిని పెళ్ళాడతావా ఏమిటి?" అని పెయో అన్నాక తీశాను.

వాడి ఊళ్ళో ఇది దుకాణంలో వేటబూట్ల పక్కన పెట్టి అమ్ముతారు. మా రాష్ట్రంలో దగ్గర ఉంచుకుంటేనే నేరం. జైలో, జరిమానాయో, రెండూనో. రైఫిల్ పట్టుకుపోతారు. అది పోతే పోయింది, ప్రభుత్వ కొండల్లో వేసవి మేతకి అనుమతి ఏటేటా కొత్తగా ఇస్తారు. కేసున్నవాడికి ఇస్తారా? ఆ మేత లేకపోతే మంద లేదు. మంద లేకపోతే నేనేం చేస్తాను?

గ్రాషి చేతులు తుడుచుకుంటూ వచ్చి పెట్టెలోకి తొంగి చూసింది.

"జైల్లో కూడా నాలుగున్నరకే పెడతారట భోజనం. నీకు కొత్తగా ఉండదులే."

"నువ్వూరుకో అక్కా, ఈ కొండల్లో ఎవరొచ్చి చూస్తారు?" అన్నాడు పెయో.

గ్రాషి వాడి వైపు తిరగలేదు. నన్ను చూస్తూ నిలబడింది. "ఎందుకు నీకిది?" అంది.

"నక్కల కోసం. ఇంకెందుకు?"

నక్కల కోసమే. పెయోకి దణ్ణం.

ఫిబ్రవరి 6

గ్రాషి ఇవాళ కుక్క మెడపట్టీకి టేపు చుట్టింది. తన కోటు చేతులకి, వీపుకి కూడా కుడుతోంది, చిరుగన్నది లేని కోటుకి. ఇక మిగిలింది నేనే.

ఫిబ్రవరి 7

హోటల్లో మా గొర్రెలవాళ్ళ సంఘం మధ్యాహ్నం భోజనం. ఒకటే పొడుగు బల్ల, సూపు, బీన్సు, మాంసం, ఎర్ర ద్రాక్షసారా. ఈ స్కోపుల చట్టం మార్చమని శాసనసభ్యుడికి ఉత్తరం రాయాలట, రాయడానికి నేనట. చిన్నప్పుడు బడిలో నా దస్తూరీకి బహుమతి వచ్చిన సంగతి ఎవడూ మర్చిపోడు.

ఎదుటి కుర్చీలో ఒకాంపో కూర్చుంది. ఈ జిల్లాకి అడవిజంతువుల శాఖ అధికారి. వాళ్ళ నాన్న వసంతంలో మా గొర్రెల బొచ్చు కత్తిరించడానికి వచ్చినప్పుడు, ఈ అమ్మాయి ఆ బొచ్చు బస్తాల మీద ఎగిరేది. ఇప్పుడు నడుముకి తుపాకి.

"తమాషా ఏంటంటే పెద్దాయనా," అంది రొట్టె తుంచుతూ, "ఈ చట్టం రాసి అరవై ఏళ్ళు దాటింది. వెలుగు విసిరే స్కోపు మాత్రమే నేరం అని రాశారు. ఇప్పుడు ఒంటి వేడిని బట్టి చూపించేవి వచ్చాయి. అవి వెలుగు విసరవు. చట్టంలో వాటి ఊసే లేదు."

"అంటే పాతది తప్పు, దానికన్నా బలమైనది ఒప్పు?"

"అంతే."

"మరి నువ్వేం చేస్తావు?"

"చట్టం నేను రాశానా? చూస్తే పట్టుకుంటాను. కాబట్టి ఎవరి దగ్గరున్నా నా కంట పడనివ్వకండి." బీన్సు గిన్నె నా వైపు తోసింది. నేను దాన్ని పక్కవాడికి తోశాను.

ఉత్తరం అక్కడే కూర్చుని రాసేశాను. ఒక వాక్యం చదివితే బల్లంతా చప్పట్లు: నలభై ఏళ్ళుగా తన దొడ్డిని ఎరిగిన మనిషి, చీకట్లో తాను దేన్ని కాలుస్తున్నాడో తెలియకుండా కాల్చడు. బాగుంది. నాకే నచ్చింది. శుభ్రంగా తిరగరాసి పంపాలి.

ఫిబ్రవరి 9

ఒక పిల్ల పోయింది. దొడ్లో తల్లీపిల్లల్ని విడిగా ఉంచే చెక్క అరల్లో మూడోదాంట్లో. తల్లి కింద పడి నలిగింది.

దాని తోలు ఒలిచి, తల్లి లేని ఇంకో పిల్లకి చొక్కాలా తొడిగి వదిలాను. తల్లి వాసన చూసింది, తన బిడ్డే అనుకుంది, పాలిచ్చింది. గొర్రెని నమ్మించడం తేలిక.

దణ్ణం ఎవరికి పెట్టాలో తోచలేదు.

ఫిబ్రవరి 12

నక్కలు మళ్ళీ రెండు పిల్లల్ని ఎత్తుకుపోయాయి. స్కోపు రైఫిల్‌కి బిగించాను. ఊరికే, సరిపోతుందో లేదో చూద్దామని.

ఫిబ్రవరి 15, పొద్దున

జరిగింది వరసగా రాస్తాను.

నిన్న రాత్రి చుక్క వెలుగు కూడా లేదు. పది దాటాక గొర్రెలు ఒక్కసారిగా అరిచాయి. గ్రాషి నిద్రపోతోందనుకుని, రైఫిల్ తీసుకుని వెనక తలుపు నుంచి బయటికి వెళ్ళి కొట్టం గోడకి ఆనుకున్నాను. స్కోపులో కంచె మూల రెండు కళ్ళు. ఒళ్ళు నేలకి వంచి, పిల్లలున్న వైపు మెల్లగా వస్తోంది. నోట్లో ఏదో వేలాడుతోంది. పిల్లే అనుకున్నాను. గురి కుదిరింది. ఊపిరి వదిలాను. వేలు బిగుస్తోంది.

అప్పుడు అది తల తిప్పింది. మెడ చుట్టూ భగ్గున మండింది. అంత తెల్లటి వెలుగు, కన్ను మూసుకుపోయింది.

బెల్చా. నోట్లో ఉన్నది గొర్రె ఈనాక విడిచిన మాయ. ఈనిన చోట నక్కలకి వాసన తగలకుండా శుభ్రం చేస్తున్నాడు వాడి పని వాడు. వాడి మెడపట్టీకి ఉన్న టేపు మీద నా స్కోపు విసిరిన వెలుగు పడి తిరిగి నా కంట్లోకి వచ్చింది. వేలు ఇంకో గింజంత కదిలి ఉంటే ఇవాళ వాడికి గుంట తవ్వుతూ ఉండేవాణ్ణి.

తూటా తీసేశాను. స్కోపు విప్పి చేత్తో పట్టుకున్నాను. ఇంటికి దారి చూసుకుందామని అటు తిప్పాను.

ఇల్లు ముందు కనపడలేదు. దారి కనపడింది. మెట్ల అంచులు, మూడూ. తొట్టి చుట్టూ గుండ్రంగా. గేటు స్తంభాలు. కొట్టం తలుపు చట్రం, గడియ, గడియ పక్కన చెయ్యి ఆనించే చోటు. ఇంటి నుంచి కొట్టం దాకా నేను రోజూ నడిచే దారి పొడవునా, ఎక్కడెక్కడ పడ్డానో, ఎక్కడెక్కడ గుద్దుకున్నానో, అన్ని చోట్లా వెలుగుతోంది. ఇన్నాళ్ళూ నేను మరమ్మతు అనుకున్నదంతా.

మెట్ల మీద రెండు చేతులు వెలుగుతున్నాయి. వాటి మధ్య గ్రాషి.

"కాల్చలేదుగా?" అంది.

"లేదు."

"బెల్చా?"

"బాగానే ఉన్నాడు."

ఉన్నచోటే మెట్టు మీద కూర్చుంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. మెట్లకి ఈ టేపు ఎందుకని అడిగాను.

"నువ్వు బకెట్టు మీద పడి కుక్కని తిట్టావు చూడు, సెప్టెంబర్లో. ఆ రోజునుంచి. లారీల వెనకాల వేసే టేపు ఇది, దీపం పడితే వెలుగుతుంది. ఇవాళ కాకపోతే రేపైనా దీపం పెట్టుకుంటావని చూశాను. అయిదు నెలలు చూశాను బెన్యాత్."

"కోటుకి?"

"పెయో పెట్టె తెచ్చిన మర్నాడు."

"వద్దని ఒక్క మాట అనకపోయావా?"

"అంటే వింటావా? నువ్వు వినవు. అందుకని కుట్టుకున్నాను."

నన్ను ఆపలేక, నా గురికి నక్కలా కనపడకుండా ఉండడానికి, నా భార్య తన కోటుకి వెలుగు కుట్టుకుంది. కుట్టుకుని, రోజూ నా పక్కనే పడుకుంది. ఇది రాస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోతున్నాను. నా మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

రేచీకటి. రాశాను. ఆ మాట ఈ పుస్తకంలోకి రానివ్వకూడదనుకున్నాను, వచ్చింది. మా నాన్న యాభై ఎనిమిదో ఏట నుంచి పొద్దుగూకితే పొయ్యి పక్క కుర్చీ వదిలేవాడు కాదు. సోమరితనం అనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను.

ఫిబ్రవరి 16

నాలుగున్నరకి, చీకటి నన్ను బయట పట్టుకోకముందే తిన్నాం. ఏమీ గొణగలేదు.

ఫిబ్రవరి 17

పెట్టె తీసుకుని ఒకాంపో ఆఫీసుకి వెళ్ళాను. తోడు గ్రాషి. పెయోకి తిరిగి ఇచ్చేస్తే పోయేది, కానీ అది మళ్ళీ అందుబాటులోకి వస్తే చీకటి పడగానే నా చెయ్యి దాని మీదికి పోతుంది. నా సంగతి నాకు తెలుసు.

ఒకాంపో పెట్టె మూత తీసింది, మళ్ళీ వేసింది.

"నా కంట పడనివ్వకండి అని చెప్పానా లేదా పెద్దాయనా?"

"చెప్పావు."

"ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చాడీ చెప్పలేదు. ఎందుకు తెచ్చారు?"

"రాత్రిళ్ళు నాకు కళ్ళు కనపడవమ్మా."

అనేశాను. ఆకాశం ఊడి పడలేదు. ఆమె ఆశ్చర్యపోలేదు కూడా.

"మీ నాన్నగారికి లాగానా?"

"నీకెలా తెలుసు?"

"బొచ్చు కత్తిరింపు అయ్యాక సాయంత్రం భోజనాలకి వెళ్ళేటప్పుడు ఆయన మా నాన్న భుజం పట్టుకుని నడిచేవారు కదా. స్నేహం అనుకునేదాన్ని. పెద్దయ్యాక మా నాన్న చెప్పాడు, ఆయనకి దారి కనపడదే అని. ఎవరికీ చెప్పొద్దన్నారట, ముఖ్యంగా మీకు."

గ్రాషి నా మోచెయ్యి పట్టుకుంది. అదీ నాకు అవసరమే అయింది.

తనంతట తాను తెచ్చి అప్పగించాడని ఒకాంపో కాగితం రాసింది. నేను సంతకం పెట్టాను. కేసు పెట్టాలా వద్దా అన్నది ఆమె చేతిలో లేదట, పైన ప్రభుత్వ వకీలు తేల్చాలట. మేత అనుమతి సంగతి అడిగాను. "ఏమవుతుందో నేను చెప్పలేను పెద్దాయనా," అంది. అబద్ధం చెప్పి ఓదార్చనందుకు ఆమె మీద గౌరవం కలిగింది. భయం మాత్రం తగ్గలేదు.

ఇవాళ్టి దణ్ణం ఒకాంపో వాళ్ళ నాన్నకి, ఆయన భుజానికి.

ఫిబ్రవరి 18

శాసనసభ్యుడికి ఉత్తరం తిరగరాశాను. చప్పట్లు కొట్టించుకున్న వాక్యం కొట్టేశాను. మిగతాది పంపించాను, ఎందుకంటే ఆ చట్టం ఇప్పటికీ తలతిక్కదే. చట్టం ఒప్పుకునే ఆ వేడి రకం నా చేతిలో ఉండి ఉంటే, అందులో టేపు మండేది కాదు. బెల్చా ఒక వేడి ముద్దలా కనపడేవాడు, నేను కాల్చేసేవాణ్ణి. నేరమన్న రకమే వాణ్ణి బతికించింది. ఇది శాసనసభ్యుడికి ఎలా రాయాలో తెలియక రాయలేదు.

ఫిబ్రవరి 20

ఒకాంపో ఫోన్ చేసింది. కేసు లేదు. అనుమతికి అడ్డం లేదు. ఫోన్ పెట్టేసి గడ్డి కట్టల మీద కూర్చుని ఏడ్చాను. వకీలు పేరు తెలియదు, తెలిస్తే వాడికీ ఒక దణ్ణం.

రైఫిల్ గ్రాషికి ఇచ్చేశాను. పెళ్ళికి ముందు ఊళ్ళో గురిపోటీలో నన్ను ఓడించింది కూడా ఆవిడే, ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరి ముందూ ఎత్తనివ్వలేదు. ఇవాళ తెల్లారాక, వెలుగు బాగా వచ్చాక, కంచె దగ్గర ఒక నక్క. ఒకటే తూటా. లోపలికి వచ్చి కాఫీ పోసుకుంది.

ఫిబ్రవరి 22

మబ్బు. రాత్రి పదికి ఈతలు చూసే వంతు నాది.

మేకు మీద ఉన్న దీపం తీసి నుదుటికి కట్టుకున్నాను. గ్రాషి పట్టీ బిగించి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది.

"అచ్చం గనిలోకి పోతున్నట్టున్నావు. బంగారం దొరికితే చెప్పు."

తలుపు తీశాను. మొదటి మెట్టు వెలిగింది, తరవాత రెండోది, మూడోది. నేను నడిచిన కొద్దీ దారి ముందుకి వెలుగుతూ పోయింది. తొట్టి ఎప్పుడూ ఉండేచోటే ఉంది. దాన్ని ఎవరూ జరపలేదు.

దీపం చూస్తే బెదురుతాయని నలభై ఏళ్ళు చెప్పాను. ఒక గొర్రె తల ఎత్తి చూసి, మళ్ళీ నెమరు వేసుకుంది. మిగతావి అదీ చెయ్యలేదు. మా నాన్న దీపం వద్దన్నది గొర్రెల కోసం కాదేమో, తన కళ్ళ సంగతి బయటపడకూడదనేమో. ఆయన బతికి ఉంటే ఇవాళ నా భుజం పట్టుకోమనేవాణ్ణి.

మూడో అర దగ్గర ఆగిపోయాను. గడప చెక్కకి, సరిగ్గా బూటు ఎత్తులో, టేపు. పక్క అరలకి చూశాను, లేదు. ఆ ఒక్కదానికే ఉంది.

ఆ పిల్ల తల్లి కింద నలగలేదు. నా బూటు కింద నలిగింది. మెత్తగా తగిలింది, గడ్డి అనుకుని బరువంతా వేశాను. ఈ పుస్తకానికి కూడా అబద్ధమే రాశాను. గ్రాషికి నేను చెప్పలేదు, తను నన్ను అడగలేదు. ఎప్పుడో ఒక రోజు మోకాళ్ళ మీద కూర్చుని ఈ టేపు అంటించి వెళ్ళిపోయింది.

తోలు చొక్కా తొడిగిన పిల్ల తల్లి కింద దూరి పాలు తాగుతోంది. చొక్కా ఇక అక్కర్లేదు, తీసేశాను. తల్లి వాసన చూసి, అయినా పాలు తాగనిచ్చింది.

తిరిగి వచ్చేసరికి గ్రాషి వంటింట్లోనే ఉంది.

"దొరికిందా బంగారం?"

నేను బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. దీపం ఆమె కళ్ళల్లో పడుతోందని ఆర్పేశాను. ఇవాళ్టి దణ్ణం ఇందులో రాయను. ఎవరికి పెట్టాలో వాళ్ళకి, అమ్మమ్మ చెప్పమన్నట్టే, నోటితో చెప్పాను. మూడో అరతో సహా అన్నీ చెప్పాను.

గ్రాషి అంతా విని, చేతిలో ఉన్న గుడ్డతో ముక్కు తుడుచుకుంది.

"సరేలే, బూట్లు విప్పు," అంది. "నేలంతా బురద చేస్తున్నావు."